చేర్యాల పటం – దోజోజి ఎమాకి: జపానులో తెలుగు విద్యార్థి ఒక్కనాటి అధ్యయనం

వ్యాససంగ్రహం

చదువు నిమిత్తం జపాను వెళ్లిన తెలుగు విద్యార్థి అక్కడి సంప్రదాయ సంస్కృతిని పరిశీలించడానికి ఒక రోజు కేటాయిస్తే ఏమి చూడాలి, ఎలా చూడాలి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే అంశం. వకయామా ప్రాంతంలోని దోజోజి బౌద్ధాలయంలో నేటికీ కొనసాగుతున్న ‘ఎతోకి’ అనే బొమ్మల కథనాన్ని ఇందుకు ఆధారంగా తీసుకొని, సిద్దిపేట జిల్లాకు చెందిన చేర్యాల పటకథతో పోల్చి చూపడం జరిగింది. రెండు సంప్రదాయాలకూ ప్రాచీన భారతదేశంలోని చిత్రకథన పద్ధతితో ఉన్న సంబంధాన్ని వివరించి, ఒకచోట కథనం నిలవడానికీ మరొకచోట చిత్రం మాత్రమే మిగలడానికీ గల కారణాలను చర్చించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: చేర్యాల పటం, నకాశీలు, పటకథ, ఎతోకి, ఎమాకి, దోజోజి, యమపటం, కులపురాణం, క్రీడాభిరామం.

1. ఉపోద్ఘాతం

సిద్దిపేట నిజాం రాష్ట్రంలో భాగంగా ఉన్న కాలంలోనే హైదరాబాదు విద్యావేత్తల దృష్టి జపాను వైపు మళ్లింది. నిజాం ప్రభుత్వ విద్యాశాఖను నడిపిన సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాను వెళ్లి, అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి ఒక నివేదిక రాశారు. అది 1923లో హైదరాబాదు నుంచి వెలువడింది. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పే ప్రయోగంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన రోజులవి. సొంత భాషను వదలకుండా ఆధునిక విజ్ఞానాన్ని సాధించిన ఆసియా దేశంగా జపాను నాటి విద్యావేత్తలను ఆకర్షించింది.

నేడు ఆ సంబంధం మరో రూపంలో కొనసాగుతున్నది. పూర్వపు మెదక్ జిల్లాలోనే, ప్రస్తుత సంగారెడ్డి జిల్లా కంది వద్ద ఉన్న హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణ నిర్మాణానికి జపాను ప్రభుత్వ సంస్థ జైకా సహకరించింది. అక్కడ చదివిన విద్యార్థులు జపాను విశ్వవిద్యాలయాలలో పై చదువులు చదవడానికి ఉపకారవేతనాలు కూడా ఇచ్చింది. ఇలా వెళ్లే వారిలో ఎక్కువమంది ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర విద్యార్థులు. సెలవు దొరికిన రోజున వారు క్యోటోలో కిమోనో అద్దెకు తీసుకొని ధరిస్తారు, తేనీటి ఉపచారంలో కూర్చుంటారు, ఫుషిమి ఇనారి ఆలయపు ఎర్రని తోరణాల కింద ఫొటోలు దిగుతారు. ఇవన్నీ చూడవలసినవే. అయితే వీటి ముందు మన విద్యార్థి కేవలం అతిథి. తన ఊరి జ్ఞానం అతనికి అక్కడ అక్కరకు రాదు. చేర్యాల పటం తెలిసిన విద్యార్థికి తన ఊరి జ్ఞానమే అక్కడ చూపునిచ్చే చోటు ఒకటి జపానులో ఉంది. అది దోజోజి. ఈ వ్యాసంలో ‘విద్యార్థి’ అంటే ఒక నిర్దిష్ట వ్యక్తి కాదు. జపానులో చదువుతూ ఒక రోజు తీరిక చేసుకోగల ఏ తెలుగు విద్యార్థి అయినా కావచ్చు.

2. ఒక్కనాటి సంచారం: తెలుగు సాహిత్యంలో ఒక పూర్వరూపం

ఒక్క రోజు తిరిగి ఒక ప్రాంతపు సంస్కృతిని చూడటం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు నగరంలో ఒక్క రోజు సంచరిస్తారు. వీథులు, పూటకూళ్ల ఇల్లు, కోడిపందేలు, దేవతల గుళ్లు, పాటకత్తెలు వారి కంటబడతారు. పలనాటి వీరుల కథ పాడే స్త్రీని వారు నిలబడి వింటారు. మాచల్దేవి ఇంటి చిత్రశాలలో గోడల మీది పురాణచిత్రాలను ఒక్కొక్కటిగా చూసి మాట్లాడుకుంటారు.

ఈ కావ్యంలో గమనించవలసిన విషయం ఒకటుంది. మిత్రులు చిత్రాన్ని మౌనంగా చూసి వెళ్లరు. ఒకరు చూపుతారు, మరొకరు వింటారు. బొమ్మ, మాట, వినేవాడు అనే మూడూ కలిసినప్పుడే అక్కడ అనుభవం పూర్తవుతుంది. జపానులో మన విద్యార్థి గడపబోయే రోజుకు కూడా ఇదే తగిన పద్ధతి.

3. దోజోజిలో ఒక రోజు

3.1. ఆలయం

ఒసాకాలోని తెన్నోజి స్టేషన్లో ఉదయం కురోషియో ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే పసిఫిక్ తీరం వెంట దాదాపు గంటన్నర ప్రయాణంలో గోబో చేరవచ్చు. అక్కడి నుంచి స్థానిక రైలులో ఒక్క స్టేషన్ దూరంలో దోజోజి ఉంది. స్టేషన్ నుంచి కాలినడకన కొద్ది నిమిషాలు. అంగళ్ల మధ్యగా సాగే చిన్న వీథి, దాని చివర 62 రాతిమెట్లు, మెట్లపైన ద్వారపాలకుల వంటి ఇద్దరు రక్షకమూర్తులున్న ద్వారం కనిపిస్తాయి. ఆలయ సంప్రదాయం ప్రకారం మొమ్ము చక్రవర్తి ఆజ్ఞతో 701లో దీన్ని స్థాపించారు. ఇది తెందాయ్ శాఖకు చెందిన బౌద్ధాలయం. ఇక్కడి ప్రధానమూర్తి సెంజు కన్నొన్, అంటే సహస్రభుజ అవలోకితేశ్వరుడు. పేరు మారినా మూర్తి మనకు పరాయివాడు కాడు.

3.2. కథ

ఈ ఆలయానికి ప్రసిద్ధి తెచ్చినది ఒక కథ. 928లో అంచిన్ అనే యువభిక్షువు కుమానో యాత్రకు పోతూ దారిలో ఒక ఇంట బస చేస్తాడు. ఆ ఇంటి యువతి కియోహిమె అతన్ని ప్రేమిస్తుంది. తిరుగుప్రయాణంలో వస్తానని మాట ఇచ్చి అతడు మరో దారిన తప్పించుకుంటాడు. మోసం తెలిసిన కియోహిమె వెంటబడుతుంది. కోపం పెరిగేకొద్దీ ఆమె రూపం మారుతుంది. హిదాక నది ఒడ్డుకు వచ్చేసరికి ఆమె మహాసర్పమై నదిని ఈదుతుంది. అంచిన్ దోజోజిలో చొరబడగా అక్కడి భిక్షువులు అతన్ని పెద్ద గంట కింద దాచుతారు. సర్పం గంటను చుట్టుకొని నిప్పులు కక్కుతుంది. గంటతో పాటు అతడూ దగ్ధమవుతాడు. చివరకు పుండరీక సూత్ర మహిమచేత ఇద్దరికీ ఉత్తమగతి కలుగుతుంది.

11వ శతాబ్ది నాటి ‘హొక్కె గెంకి’, 12వ శతాబ్ది నాటి ‘కొంజకు మొనొగతరి’ కథాసంకలనాలలో ఈ కథ కనిపిస్తుంది. అప్పటికి ఆ స్త్రీకి పేరు లేదు; కియోహిమె అన్న పేరు తర్వాతి కాలంలో స్థిరపడింది. ఈ కథే నో నాటకంగా, 1753లో కబుకి నృత్యనాటకంగా రంగం మీదికి వచ్చింది. ఆలయంలో నేడు గంట లేదు. కాలిపోయిన గంట స్థానంలో 1359లో సమర్పించిన రెండవ గంట యుద్ధకాలంలో తరలిపోయి, ఇప్పుడు క్యోటోలోని మ్యోమంజి ఆలయంలో ఉంది. దోజోజిలో పాత గంటమండపం చోటును, అంచిన్ పేర ఉన్న దిబ్బను మాత్రం చూపుతారు.

3.3. ఎతోకి

‘ఎ’ అంటే బొమ్మ, ‘తోకి’ అంటే విప్పి చెప్పడం. దోజోజి కథను రెండు చుట్టలుగా చిత్రించిన ‘దోజోజి ఎంగి ఎమాకి’ ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రభుత్వ గుర్తింపు పొందింది. ఎమాకి అంటే అడ్డంగా విప్పుతూ కుడి నుంచి ఎడమకు చూసే పొడవైన పటం. మూలప్రతిని భద్రపరచి, దాని నకలుతో కథ చెబుతారు. సందర్శకులు మండపంలో కూర్చుంటారు. అర్చకుడు ముందున్న బల్లపై పటాన్ని ఒక చేత్తో విప్పుతూ, మరోచేత్తో చుడుతూ, పుల్లతో బొమ్మలను చూపుతూ కథ నడిపిస్తాడు.

పటంలో ఒకే నేలమీద కియోహిమె పదేపదే కనిపిస్తుంది. మొదట జుట్టు ఎగరగా పరుగెత్తే స్త్రీ, తర్వాత సర్పముఖి, నదిలో పూర్తి సర్పం. పటం కదులుతుంటే ఆ మార్పు వినేవారి కళ్లముందే జరుగుతుంది. కథకుడు గ్రాంథిక ధోరణిలో చదివిపోడు. ఎదురుగా ఉన్నవారిని చూసి మాట పెంచుతాడు, తగ్గిస్తాడు, నవ్విస్తాడు. చివరకు కథ దాంపత్యంలో ఒకరినొకరు గౌరవించుకోవాలన్న ఉపదేశం వైపు మళ్లుతుంది. జపాను భాష సగమే అర్థమైన విద్యార్థికి కూడా ఈ నడక అర్థమవుతుంది. ఎందుకంటే ఇది అతని ఊరి పటకథ నడకే.

4. బొమ్మ చూపి కథ చెప్పడం: భారతదేశం నుంచి జపాను దాకా

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. బొమ్మల ద్వారా ధర్మం చెప్పడానికి ప్రాచీన భారతదేశంలో స్పష్టమైన ఆధారాలున్నాయి. ‘దివ్యావదానం’లో విహారద్వారం వద్ద భవచక్రాన్ని చిత్రించి, దాన్ని వచ్చేవారికి విప్పి చెప్పడానికి ఒక భిక్షువును నియమించాలని బుద్ధుడు ఆదేశించినట్లు ఉంది. అజంతా 17వ గుహ ముందరి వసారాలో భవచక్ర చిత్రం నేటికీ మిగిలి ఉంది. అజంతా కూడా సిద్దిపేట వలెనే నాడు నిజాం రాష్ట్రంలో భాగం. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ ప్రథమాంకంలో చాణక్యుని గూఢచారి యమపటం చూపుతూ పాడే భిక్షుకుని వేషంలో వస్తాడు. 7వ శతాబ్దిలో బాణుడు ‘హర్షచరిత్ర’లో వీథిలో పిల్లలు చుట్టూ మూగగా, ఒక చేత యమపటం పట్టి మరోచేత పుల్లతో చూపుతూ పరలోక విషయాలు చెప్పే యమపట్టికుణ్ణి వర్ణించాడు. దోజోజి అర్చకుని చేతిలోని పుల్లకు ఇంత ప్రాచీనమైన పూర్వరూపం ఉంది.

ఈ పద్ధతి బౌద్ధంతో పాటు మధ్య ఆసియా మీదుగా చైనాకు చేరి, అక్కడి నుంచి జపానుకు వెళ్లిన క్రమాన్ని అమెరికన్ పండితుడు విక్టర్ మేయర్ 1988లో ప్రచురించిన ‘పెయింటింగ్ అండ్ పెర్ఫార్మెన్స్’ గ్రంథంలో సవిస్తరంగా చర్చించారు. చైనాలో చిత్రకథనం జరుగుతుందని దాని ఉపశీర్షికలో పేర్కొంటూ, మూలాన్ని భారతదేశంలో చూపడం ఆ గ్రంథంలోని ప్రధాన ప్రతిపాదన. జపానులో ఎతోకికి తొలి ఆధారం 931 నాటిది. ఆలయస్తంభాల మీది శాక్యముని జీవితచిత్రాలను వివరించగా విన్నట్లు ఒక రాజకుమారుడు దినచర్యలో రాసుకున్నాడు. 16, 17వ శతాబ్దాలలో కుమానో భిక్షుణులు మానవజీవిత దశలను, నరకలోకాలను చిత్రించిన పటాలు పట్టుకొని ఊరూరా తిరిగి, ముఖ్యంగా స్త్రీలకు విప్పి చెప్పేవారు. ఆ నరకచిత్రాలలో తీర్పు చెప్పే దేవత పేరు ఎమ్మ. సంస్కృత ‘యమ’ శబ్దమే చైనా మీదుగా వెళ్లి ఎమ్మ అయింది. యమపటం పేరు మారకుండానే జపాను చేరిందన్నమాట.

5. చేర్యాల పటం

చేర్యాల 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఇక్కడి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపిన పూతను పలుమార్లు పూసి ఆరబెడతారు. దానిమీద ఎర్రని నేల వేసి, ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు దిద్దుతారు. పటం నిలువుగా విప్పేది. కథా సన్నివేశాలు అడ్డుపట్టెలుగా ఒకదాని కింద ఒకటి వస్తాయి. వాటి మధ్య పూలతీగల అంచులుంటాయి. పెద్ద పటాలు పదుల అడుగుల పొడవు ఉండేవి.

ఈ పటాన్ని నకాశీ తన కోసం గీయడు; కథకుని కోసం గీస్తాడు. కథకుడు దాతృకులం కోసం చెబుతాడు. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ, భావనాఋషి కథలు చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వారు పాండవుల కథ, గౌడులకు గౌడజెట్టి వారు గౌడపురాణం, మాదిగలకు డక్కలి వారు జాంబపురాణం చెబుతారు. ప్రతి ఆశ్రిత కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద వంశపారంపర్య హక్కు ఉండేది. గొల్లభామ చీరకు పేరుపొందిన సిద్దిపేట నేతగాళ్లకు కూనపులి వారి పటం వినోదం మాత్రమే కాదు. తమ వృత్తి దైవదత్తమని సాక్ష్యం చెప్పే పత్రం.

ఈ వ్యవస్థలో ముగ్గురున్నారు: గీసేవాడు, చెప్పేవాడు, చెప్పించుకునేవాడు. ఏ ఒక్కరు తప్పుకున్నా మిగిలిన ఇద్దరి పని కుంటుపడుతుంది.

6. పోలికలు, భేదాలు

పటం నడిచే దిశలో మొదటి భేదం ఉంది. ఎమాకి అడ్డంగా, చేతి వెడల్పున కదులుతుంది. అందుకే అది దగ్గరగా కూర్చున్న కొద్దిమందికి అనువైనది. చేర్యాల పటం నిలువుగా వేలాడుతుంది. ఊరి నడుమ, రాత్రి దీపాల వెలుగులో, దూరాన కూర్చున్న వారికి కూడా కనిపించాలి. ఎర్రని నేల, పెద్ద కళ్లు, లావైన నల్లని రేఖలు ఈ అవసరానికి సరిపోతాయి. వాటిని కేవలం శైలీ లక్షణాలుగా వర్ణించి వదిలితే వాటి ప్రయోజనం మరుగున పడుతుంది.

పాత పటం పట్ల వైఖరిలో రెండవ భేదం ఉంది. దోజోజిలో మూలప్రతిని దాచి నకలును వాడతారు. తెలంగాణ పటకథకులు జీర్ణించిన పటానికి శాస్త్రోక్తంగా పూజ చేసి ఏటిలో నిమజ్జనం చేసి, కొత్త పటం రాయించుకునేవారు. అక్కడ పటం నిధి, ఇక్కడ పటం ప్రాణి. అందువల్ల మన పాత పటాలు అరుదు. హైదరాబాదులోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియం వంటి చోట్ల మిగిలినవి అందుకే విలువైనవి.

కథ ఎవరిదన్నది మూడవ భేదం. దోజోజి కథ ఒక స్థలానిది. ఎవరు వచ్చినా వింటారు. పటకథ ఒక కులానిది. వినవలసినవారు ముందే నిర్ణయమై ఉంటారు. శ్రోతల విషయంలోని ఈ తేడాయే రెండు సంప్రదాయాల భవిష్యత్తును నిర్ణయించింది.

7. నిలిచిందేమిటి, జారిపోయిందేమిటి

జపాను సంప్రదాయాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకున్నదన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. అది సగమే నిజం. 1950 నాటి సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం వస్తువులతో పాటు కళానైపుణ్యాలను కూడా గుర్తించింది. ఆ నైపుణ్యం గల వ్యక్తులను ‘సజీవ జాతీయనిధులు’గా గౌరవించే పద్ధతి దాని నుంచే పెరిగింది. అయినా కుమానో భిక్షుణుల సంచార ఎతోకి అంతరించింది. వారి పటాలు మ్యూజియంలలో మాటలేకుండా వేలాడుతున్నాయి. 1930 ప్రాంతంలో టోక్యో వీథుల్లో సైకిళ్ల మీద చెక్కపెట్టె పెట్టుకొని, మిఠాయి అమ్ముతూ కథ చెప్పిన కమిషిబాయి బొమ్మలాట 1953లో టెలివిజన్ ప్రసారాలు మొదలైన తరువాత వీథుల నుంచి తప్పుకుంది. క్యోటో మాంగా మ్యూజియం వంటి చోట్ల ప్రదర్శనగా మిగిలింది. తిరిగే కథకుడు రెండు దేశాల్లోనూ ఓడిపోయాడు. నిలిచినది ఒకచోట కుదురుకున్న కథకుడు.

చేర్యాలలో జరిగింది దీనికి భిన్నం. చెప్పించుకునే కులాలు పట్టణాలకు, ఇతర వృత్తులకు మళ్లాయి. సినిమా, టెలివిజన్ వచ్చాయి. కథకుడు కొత్త పటం రాయించడం తగ్గింది. అప్పుడు నకాశీ తన పటాన్ని చిన్నది చేశాడు. ఒక్క పట్టె, ఒక్క సన్నివేశం, గోడకు తగిలించే చట్రం. కొబ్బరిచిప్పలతో, రంపపు పొట్టు కలిపిన చింతగింజల ముద్దతో ముసుగులు. దానలకోట వైకుంఠం వంటి నకాశీలు జాతీయ పురస్కారాలు పొందారు. చేర్యాల చిత్రానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది చిన్న విజయం కాదు. చిత్రకారుడు బతికి చిత్రాన్ని బతికించాడు. కాని భౌగోళిక గుర్తింపు రక్షించేది వస్తువు పేరును. కూనపులి కథకుని నోటిలోని పాఠాన్ని అది రక్షించదు. గోడమీది చేర్యాల బొమ్మను కొన్నవారిలో ఆ బొమ్మ ముందు ఏ సన్నివేశమో, వెనుక ఏ సన్నివేశమో తెలిసినవారు అరుదు.

దోజోజి పాఠం ఇక్కడ పనికివస్తుంది. ఆ ఆలయం కథకు చోటు, వేళ, శ్రోత అనే మూడింటినీ సమకూర్చింది. ఇటువంటి ఏర్పాటు మనకు అపరిచితం కాదు. చేర్యాలకు సమీపంలోని కొమురవెల్లి మల్లన్న క్షేత్రంలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే జాతరలో ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేసి, ఆ పట్నం ముందే మల్లన్న కథ చెబుతారు. నేలమీది బొమ్మ, దాని ముందు మాట, వినడానికే వచ్చిన భక్తుడు. ఒగ్గుకథ బలంగా నిలవడానికి ఈ స్థలబలం ఒక ముఖ్య కారణం. పటకథకు లేనిది సరిగ్గా ఇదే.

8. ముగింపు

సాయంత్రం గోబో నుంచి తిరుగురైలెక్కిన విద్యార్థి తనతో తెచ్చుకునేది జపాను గురించిన సమాచారం మాత్రమే కాదు. తన జిల్లాను గురించిన ఒక ప్రశ్న కూడా. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. దోజోజి ఎతోకి, చేర్యాల పటకథ ఒకదానికొకటి అనుకరణలు కావు. చిత్రం చూపి కథ చెప్పే ప్రాచీన భారతీయ పద్ధతికి వేర్వేరు నేలల్లో వచ్చిన రూపాలు.

2. పటం ఒక్కటే పూర్తి గ్రంథం కాదు. చిత్రం సగం, కథకుని మౌఖికపాఠం సగం. చిత్రకళగా మాత్రమే అధ్యయనం చేస్తే సగం పాఠాన్ని వదిలినట్లవుతుంది.

3. రెండు దేశాల్లోనూ సంచార కథకుల సంప్రదాయం క్షీణించింది. స్థిరమైన చోటు, నియత వేళ, అందరికీ తెరచిన శ్రోతృత్వం ఉన్నచోట కథనం నిలిచింది.

4. మిగిలిన కూనపులి, కాకిపడగల, గౌడజెట్టి, డక్కలి కథకుల ప్రదర్శనలను పటంలోని పట్టెల క్రమంతో జతపరచి దృశ్యరూపంలో భద్రపరచడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం. చిత్రం, పాఠం వేర్వేరు అలమరలలో ఉంటే ప్రయోజనం తక్కువ.

5. కొమురవెల్లి వంటి క్షేత్రాల్లో గాని, జిల్లాలోని కళాశాలల్లో గాని నెలకొక్క రోజైనా నకాశీ గీసిన పటం ముందు కథకుణ్ణి కూర్చోబెట్టే ఏర్పాటు సాధ్యమే. కథకునికి పారితోషికం, నకాశీకి పెద్దపటం రాసే పని రెండూ దానితోనే దొరుకుతాయి.

రాస్ మసూద్ నూరేళ్ల కిందట జపానులో చదువు ఎలా చెబుతున్నారో చూసివచ్చారు. నేటి విద్యార్థి కథ ఎలా చెబుతున్నారో చూసివస్తే, చేర్యాలలో ఇంకా వినదగిన నోళ్లు ఉండగానే వినడానికి వెళ్లగలడు.